కదిలే రైలులో మాట ఖరీదు

భారతదేశంలో రైలు ప్రయాణికుడు మొబైల్ ఫోన్‌లో మాట్లాడినందుకు అదనంగా చెల్లించిన రుసుము, 1995 నుంచి 2017 వరకు, అతడు ప్రయాణించిన దూరాన్ని బట్టి నిర్ణయం కాలేదు. టెలికాం శాఖ దేశపటం మీద గీసిన సర్కిళ్ల హద్దులను బట్టి నిర్ణయమైంది. సికింద్రాబాద్‌లో రైలెక్కి విశాఖపట్నంలో దిగినవారు దాదాపు 700 కిలోమీటర్లు ప్రయాణించినా ఒకే సర్కిల్‌లో ఉన్నందువల్ల వారికి అదనపు భారం ఉండేది కాదు. సూళ్లూరుపేటలో ఎక్కి గుమ్మిడిపూండిలో దిగినవారు మాత్రం నలభై కిలోమీటర్లు కూడా వెళ్లకముందే, తడ దాటి ఆరంబాక్కం చేరే సరికి, రోమింగ్ రుసుము కిందికి వచ్చేవారు. ఫోన్ చేసినవారే కాక, వచ్చిన ఫోన్ ఎత్తినవారు కూడా డబ్బు కట్టవలసి రావడం ఈ ఏర్పాటులోని అసలు విశేషం. కోట్లాది ప్రయాణికుల మాటలను ఏళ్ల తరబడి కుదించిన ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో, ఎలా పనిచేసిందో, పోయిన తర్వాత దాని స్థానంలోకి ఏం వచ్చిందో సాధారణ పాఠకుడికి తెలియవలసిన విషయాలే.

డబ్బు తీసుకుని రైలులో ఫోన్ సౌకర్యం కల్పించాలన్న ఆలోచన మొబైల్ ఫోన్ కంటే చాలా పాతది. జర్మనీలో 1926లోనే హాంబర్గ్, బెర్లిన్ నగరాల మధ్య నడిచే రైళ్లలో మొదటి తరగతి ప్రయాణికులకు టెలిఫోన్ అందుబాటులోకి వచ్చింది. జపాన్‌లో షింకన్‌సేన్ వేగరైళ్లు 1964లో మొదలైతే మరుసటి ఏడాదే వాటిలో ఫోన్లు వచ్చాయి. సొరంగాల్లో కూడా మొబైల్ సిగ్నల్ అందేలా ఏర్పాట్లు పూర్తయ్యాక, 2021 జూన్ నెలాఖరున అవి సెలవు తీసుకున్నాయి. అమెరికాలో 1969లో న్యూయార్క్, వాషింగ్టన్ నగరాల మధ్య ప్రారంభమైన మెట్రోలైనర్ రైళ్లలోని చెల్లింపు ఫోన్లకు సాంకేతిక చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. సుమారు 225 మైళ్ల ఆ మార్గాన్ని తొమ్మిది మండలాలుగా విభజించి, రైలు ఒక మండలం దాటి మరొక దానిలోకి వెళ్లినప్పుడు మాట తెగకుండా కాల్ కొత్త మండలపు రేడియో చానల్‌కు మారేలా, దూరంగా ఉన్న మండలాల్లో అవే చానళ్లను తిరిగి వాడుకునేలా బెల్ సంస్థ దానిని రూపొందించింది. ఈనాడు ప్రతి సెల్‌ఫోన్‌కూ ఆధారమైన ఈ రెండు సూత్రాలు మొట్టమొదట వాణిజ్యపరంగా అమలైంది రైలులోనే, అదీ నాణేలు వేసి మాట్లాడే ఫోన్ల రూపంలోనే.

మన దేశంలో సాధారణ ప్రయాణికుడికి ఫోన్ బోగీలోకి రాలేదు, ప్లాట్‌ఫాం దాకానే వచ్చింది. ట్రంక్ కాల్ బుక్ చేసి ఆపరేటర్ కలిపేదాకా ఎదురుచూసే అవసరం లేకుండా, చందాదారుడే నేరుగా దూరపు ఊరి నంబర్ తిప్పగలిగే ఎస్టీడీ పద్ధతి 1960 నవంబరులో లక్నో, కాన్పూరు నగరాల మధ్య మొదలైంది. కానీ దాని ఫలితం ఇంట్లో ఫోన్ లేని సామాన్యుడికి చేరింది 1980ల చివర ఊరూరా ఎస్టీడీ బూత్‌లు వెలిసిన తర్వాతనే. రైల్వే స్టేషన్ ఆ బూత్‌లకు సహజమైన చోటు. విజయవాడలోనో బల్లార్షాలోనో బండి పది నిమిషాలు ఆగితే, బోగీ దిగి పరుగున వెళ్లి, చిల్లర ముందే చేతిలో పట్టుకుని, తమ వంతు వచ్చేదాకా ఒక కన్ను సిగ్నల్ మీదే ఉంచి, “బండి టైముకే ఉంది, పొద్దున్నే స్టేషనుకు రండి” అన్న ఒక్క మాట చెప్పి తిరిగి పరుగెత్తిన ప్రయాణికులు ఒక తరం మొత్తం ఉన్నారు. బూత్‌లోని చిన్న మీటరు పెట్టె మీద ఎర్రటి అంకెలు సెకన్లనూ రూపాయలనూ చూపిస్తూ పోయేవి. రిసీవర్ పెట్టగానే వేలెడు కాగితం మీద బిల్లు అచ్చయి వచ్చేది. అప్పటి లెక్కకు ఆధారం పల్స్, అంటే ఒక యూనిట్ రుసుముకు లభించే సమయం. దూరం పెరిగిన కొద్దీ పల్స్ పొట్టిదయ్యేది, రాత్రి పొద్దుపోయిన కొద్దీ పొడుగయ్యేది. అందుకే రాత్రి బూత్‌ల ముందు వరుసలు కనిపించేవి. ఆ రుసుము తక్కువేమీ కాదు. అయితే కట్టేది ఫోన్ చేసినవారు మాత్రమే. కడుతున్నది ఎంతో మాట్లాడుతుండగానే కళ్లముందు కనిపించేది. మొబైల్ ఫోన్ రాకతో రైలు ప్రయాణికుడు ఈ రెండు రక్షణలనూ కోల్పోయాడు.

1994 నాటి జాతీయ టెలికాం విధానం ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచాక, 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటంతో దేశంలో మొబైల్ సేవలు లాంఛనంగా మొదలయ్యాయి. ఆనాటి రుసుము నిమిషానికి 8 రూపాయల 40 పైసలు, రద్దీ వేళల్లో దానికి రెట్టింపు. ఫోన్ చేసినా, ఎత్తినా కట్టవలసిందే. లైసెన్సులను దేశం మొత్తానికి ఒకటిగా ఇవ్వలేదు. మహానగరాలకు విడిగా, మిగిలిన ప్రాంతాలకు దాదాపు రాష్ట్రాల వారీగా, అంటే తపాలా, టెలిగ్రాఫ్ శాఖ పూర్వం నుంచి వాడుతున్న సర్కిళ్ల పద్ధతిలోనే ఇచ్చారు. ఒక్కో లైసెన్సు ప్రాంతాన్నే వాడుకలో సర్కిల్ అంటారు. ప్రస్తుతం ఇవి 22. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 2014లో వేర్వేరు రాష్ట్రాలైనా టెలికాం లెక్కలో నేటికీ ఒకే సర్కిల్‌గా కొనసాగుతున్నాయి. ఒక సంస్థకు ఒక సర్కిల్‌లో లైసెన్సు ఉండి పక్క సర్కిల్‌లో లేకపోవచ్చు కనుక, దాని చందాదారుడు హద్దు దాటితే అక్కడి మరొక సంస్థ టవర్లను వాడుకోవాలి; ఇలా వేరొక సర్కిల్‌లో, వేరొకరి నెట్‌వర్క్ మీద ఫోన్ పనిచేయడమే రోమింగ్. తర్వాతి కాలంలో పెద్ద సంస్థలు అన్ని సర్కిళ్లలోనూ సొంత టవర్లు నిలబెట్టుకున్నాక కూడా, తన సంస్థ టవర్ కిందే ఉన్న చందాదారుడి నుంచి సర్కిల్ మారాడన్న కారణంతో రోమింగ్ రుసుము వసూలు కావడం ఆగలేదు.

రహదారి మీద వెళ్లేవారి కంటే రైలులో వెళ్లేవారికి ఈ హద్దుల తాకిడి ఎక్కువ. ఎందుకంటే రైలు మార్గాలు రాష్ట్రాలు ఏర్పడక ముందే పడ్డాయి, వాటికి హద్దులతో పని లేదు. గుంతకల్లు నుంచి వాడి వెళ్లే మార్గం ఇందుకు మంచి ఉదాహరణ. ఆదోని, కోసిగి దాటి మంత్రాలయం రోడ్ తర్వాత తుంగభద్ర మీది వంతెన దాటగానే రైలు కర్ణాటకలోకి వెళుతుంది; రాయచూరు దాటి కృష్ణానది వంతెన ఎక్కి దిగితే, నది పేరే పెట్టుకున్న కృష్ణా స్టేషన్ తెలంగాణలో ఉంది; అక్కడి నుంచి కొద్ది దూరం వెళ్లి సైదాపూర్ చేరేసరికి మళ్లీ కర్ణాటక. అంటే ఈ కొద్ది దూరంలోనే ప్రయాణికుడు సొంత సర్కిల్ వదిలి, తిరిగి అందులోకి వచ్చి, మరోసారి బయటికి పోయేవాడు. ఢిల్లీ మార్గంలోనైతే పరిస్థితి ఇంకా చిత్రమైనది. ఒకప్పటి ఏపీ ఎక్స్‌ప్రెస్, నేటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, సిర్పూర్ టౌన్, మాకుడి దాటి మహారాష్ట్రలోకి ప్రవేశించి, నాగపూర్ తర్వాత మధ్యప్రదేశ్ చేరి, బీనా దాటాక ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్, ఝాన్సీలను తాకి, దతియా దగ్గర తిరిగి మధ్యప్రదేశ్‌లోకి వచ్చి, గ్వాలియర్, మొరేనాల తర్వాత ధోల్‌పూర్ వద్ద కాసేపు రాజస్థాన్‌లో నడిచి, ఆగ్రాతో మళ్లీ ఉత్తరప్రదేశ్ చేరి, హర్యానా భూమి మీదుగా ఢిల్లీలో ఆగుతుంది. ప్రతి హద్దు దగ్గరా ఫోన్ తెర మీద పేరు మారేది, స్వాగతం పలుకుతూ రోమింగ్ రేట్లు చెప్పే సందేశం వచ్చేది. రేడియో తరంగాలు రాష్ట్రాల హద్దుల దగ్గర ఆగవు కాబట్టి, హద్దుకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో ఇంట్లోనే కూర్చున్నవారి ఫోన్లు సైతం పక్క రాష్ట్రపు టవర్‌ను పట్టుకుని రోమింగ్‌లో పడటం ఆ ప్రాంతాలవారికి తెలిసిన ఇబ్బందే.

ఎత్తినవారు డబ్బు ఎందుకు కట్టాలన్న ప్రశ్నకు సమాధానం కాల్ ప్రయాణించే దారిలో ఉంది. ప్రతి మొబైల్ సంస్థ తన చందాదారులు ఏ క్షణాన ఎక్కడున్నారో నమోదు చేసుకునే ఒక చిట్టాను సొంత సర్కిల్‌లో నిర్వహిస్తుంది. దానిని హోమ్ లొకేషన్ రిజిస్టర్ అంటారు. ప్రయాణికుడి ఫోన్ నాగపూర్‌లో కొత్త టవర్‌ను పట్టుకోగానే, అక్కడి నెట్‌వర్క్ అతడిని అతిథుల చిట్టాలో చేర్చుకుని, ఆ సంగతిని అతడి సొంత సర్కిల్‌కు తెలియజేస్తుంది. గుంటూరులోని బంధువు అతడికి ఫోన్ చేస్తే, ఆ కాల్ ముందుగా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోని ఎక్స్‌ఛేంజికే వెళ్లి, చిట్టాలో చిరునామా చూసుకుని, అక్కడి నుంచి ఎస్టీడీ కాల్‌గా నాగపూర్ చేరుతుంది. గుంటూరు బంధువుకు అవతలి మనిషి ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు కాబట్టి అతడి దగ్గర స్థానిక రుసుమే తీసుకోవాలి. సర్కిల్ నుంచి సర్కిల్‌కు మోసిన ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ భారం ప్రయాణికుడి మీద పడింది. ఈ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. మోత ఖర్చు నిజంగానే ఉన్నది. అయితే ఖర్చు ఉండటం ఒక విషయం, వసూలు చేసిన మొత్తానికీ ఆ ఖర్చుకూ పొంతన ఉండటం మరొక విషయం.

ఈ దారి ఎంత వంకర అయినదో ఒకే రైలులోని ఇద్దరిని తీసుకుంటే స్పష్టమవుతుంది. పెళ్లికి వెళుతున్న కుటుంబంలో సగం మందికి ఎస్-3లో, సగం మందికి ఎస్-9లో బెర్తులు దొరికాయనుకుందాం. ఇద్దరివీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్ నంబర్లే, బండి ఉన్నది ఇటార్సీ దగ్గర. “అన్నాలు తిన్నారా?” అని ఒక బోగీ నుంచి మరొక బోగీకి ఫోన్ చేస్తే, ఆ కాల్ మధ్యప్రదేశ్ నుంచి ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు వచ్చి, తిరిగి మధ్యప్రదేశ్‌కు వెళ్లేది. చేసినవారికి రోమింగ్ ఎస్టీడీ రుసుము, ఎత్తినవారికి రోమింగ్ ఇన్‌కమింగ్ రుసుము పడేవి. 2007లో టెలికాం నియంత్రణ సంస్థ విధించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం లెక్కిస్తే, అయిదారు బోగీల దూరానికి ఆ కుటుంబం నిమిషానికి 2 రూపాయల 40 పైసలు, 1 రూపాయి 75 పైసలు కలిపి 4 రూపాయల 15 పైసలు చెల్లించేది. ఆ రోజుల్లో టికెట్లు వేర్వేరు బోగీల్లో వచ్చినవారు ఫోన్ చేయడం కంటే వెస్టిబ్యూల్ గుండా నడిచి వెళ్లడమే మేలనుకున్నారంటే అందుకు తగిన కారణమే ఉంది.

రైలు కదులుతూ ఉండటం ఈ భారాన్ని ఇంకొంత పెంచింది. కాల్ రుసుము నిమిషాల లెక్కన ఉన్నంతకాలం, పది సెకన్లు మాట్లాడినా నిమిషం మొత్తానికీ డబ్బు పోయేది. రైలులో సిగ్నల్ పోయి మాట తెగితే, మళ్లీ కలిపిన ప్రతిసారీ కొత్త నిమిషం మొదలయ్యేది. ఊళ్లో కూర్చుని మూడు నిమిషాల్లో ముగించే సంభాషణకు బండిలో అయిదారు నిమిషాల రుసుము చెల్లించవలసి రావడానికి ఇదే మూలం. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా పద్ధతి తెచ్చి, పోటీ సంస్థలు కూడా అదే బాట పట్టాక ఈ బాధ చాలావరకు తగ్గింది. కాల్ తెగితే సంస్థే రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన కూడా 2016 జనవరి నుంచి వచ్చింది గానీ, ఆ ఏడాది మే నెలలోనే సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది.

ప్రీపెయిడ్ చందాదారుడి ఇబ్బంది మరో రకమైనది. అతడి బ్యాలెన్స్ నుంచే ఇన్‌కమింగ్ రుసుము కూడా తరిగిపోతుంది కనుక, బ్యాలెన్స్ సున్నా అయితే వచ్చిన ఫోన్ ఎత్తే వీలు కూడా ఉండదు. దారిలో ఏ స్టేషన్‌లోనైనా కూపన్ కొందామంటే అవి సర్కిల్ వారీగా అమ్ముడయ్యేవి, మహారాష్ట్రలో కొన్న కూపన్ ఆంధ్రప్రదేశ్ నంబర్‌కు పనికివచ్చేది కాదు. ఊళ్లో ఉన్నవారెవరైనా దుకాణానికి వెళ్లి డబ్బు వేయించాలి, ఆ మాట చెప్పడానికే ఫోన్‌లో బ్యాలెన్స్ ఉండాలి. ఇటువంటి స్థితి నుంచే మిస్డ్ కాల్ వాడుక రైలు ప్రయాణంలో అంతగా పాతుకుపోయింది. ఒకసారి మోగి ఆగితే బండి ఎక్కినట్టు, రెండుసార్లు మోగితే దిగినట్టు అని ముందే అనుకుని బయలుదేరడం, రోమింగ్‌లో ఉన్నవారు ఇంటి ఫోన్ రాగానే “రోమింగ్‌లో ఉన్నా, పెట్టేయ్” అని అనడం, అసలు సర్కిల్ దాటగానే ఫోన్ కట్టేసి గమ్యం చేరాక కొత్త సిమ్ వేసుకోవడం, ఇవన్నీ పైసలు కాపాడుకునే ఉపాయాలే. వ్యాపారం మీద వెళ్లే పోస్ట్‌పెయిడ్ చందాదారుడికి రోమింగ్ రుసుము కంపెనీ ఖాతాలో ఒక పద్దు. సిక్కోలు నుంచి ఇచ్ఛాపురం దాటి ఉత్తరాదికి పనికి వెళ్లే కూలీకి, పాలమూరు నుంచి ముంబై వెళ్లే మేస్త్రీకి, ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబానికి అది రోజు కూలీలోంచి కోసి ఇవ్వవలసిన డబ్బు. ఊరు వదిలి దూరం పోయినవారికే ఇంటి కబురు ఎక్కువ అవసరం. ఆ కబురు వినడానికే రుసుము పెట్టిన పద్ధతి తన బరువంతా వారి మీదే మోపింది.

సొంత సర్కిల్‌లో ఇన్‌కమింగ్ 2003 మే 1 నుంచి ఉచితమైంది. ఫోన్ చేసినవారే చెల్లించాలన్న సూత్రం ఆనాడు అమల్లోకి వచ్చింది గానీ, రోమింగ్‌ను దాని నుంచి మినహాయించారు. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే ట్రాయ్, 2007 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వుతో రోమింగ్ కోసం వసూలు చేసే నెలవారీ అద్దెను రద్దు చేసి, స్థానిక కాల్‌కు 1 రూపాయి 40 పైసలు, ఎస్టీడీకి 2 రూపాయల 40 పైసలు, ఇన్‌కమింగ్‌కు 1 రూపాయి 75 పైసలు మించరాదని నిర్దేశించింది. అప్పటికి అది పెద్ద ఊరటే. అయినా ఆ అంకెలను అదే కాలపు మరి రెండు అంకెల పక్కన పెట్టి చూడాలి. కాల్‌ను సర్కిల్ నుంచి సర్కిల్‌కు మోసినందుకు దూరవాణి సంస్థలు ఒకదానికొకటి చెల్లించుకునే మోత రుసుము గరిష్ఠంగా నిమిషానికి 65 పైసలని 2006లోనే నిర్ణయమైంది. అదే ఏడాది మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి చొప్పున ఎస్టీడీ అందించే ‘వన్ ఇండియా’ పథకం తెచ్చింది. దేశం ఒక కొస నుంచి మరో కొసకు రూపాయికి మాట్లాడగలిగిన రోజుల్లో, రైలులో వచ్చిన ఫోన్ ఎత్తినందుకు రూపాయి ముప్పావలా వరకు తీసుకోనివ్వడాన్ని మోత ఖర్చు పేరుతో సమర్థించడం కష్టం.

ఆ పరిమితులు ఆరేళ్లకు పైగా కదలలేదు. ‘ఒకే దేశం, ఉచిత రోమింగ్’ అన్న లక్ష్యం 2012 జాతీయ టెలికాం విధానంలో చేరిన తర్వాత, 2013 జూలై నుంచి ఇన్‌కమింగ్ పరిమితి 75 పైసలకు, స్థానిక కాల్ రూపాయికి, ఎస్టీడీ రూపాయిన్నరకు దిగాయి. కొంత మొత్తం ముందుగా కడితే రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యే పథకాలను కూడా సంస్థలు అందించాలని ట్రాయ్ ఆదేశించింది. 2015 మే నుంచి ఇన్‌కమింగ్ 45 పైసలు, స్థానిక కాల్ 80 పైసలు, ఎస్టీడీ 1 రూపాయి 15 పైసలయ్యాయి. అంతకు కొద్ది ముందే మోత రుసుము పరిమితి 35 పైసలకు తగ్గింది కాబట్టి, ఇన్‌కమింగ్ రుసుము అసలు ఖర్చుకు దగ్గరగా వచ్చింది అప్పుడేనని చెప్పాలి. పైన చెప్పిన ఎస్-3, ఎస్-9 సంభాషణ ఖరీదు ఈ లెక్కన 1 రూపాయి 60 పైసలకు పడిపోయింది.

మిగిలిన పని పోటీ చేసింది. ప్రభుత్వ రంగ బీఎస్ఎన్ఎల్ 2015 జూన్ 15 నుంచి దేశమంతటా రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేసి ముందడుగు వేసింది. ప్రైవేటు సంస్థలు వెంటనే ఆ దారిలో నడవలేదు. 2016 సెప్టెంబరులో జియో, దేశంలో ఎక్కడున్నా వాయిస్ కాల్స్‌కు విడిగా రుసుము లేదని ప్రకటిస్తూ రంగంలోకి దిగాక, ఎయిర్‌టెల్ 2017 ఏప్రిల్ 1 నుంచి జాతీయ రోమింగ్ రుసుములను ఎత్తివేసింది. ఇతర పెద్ద సంస్థలూ అదే చేశాయి. యూరప్ చరిత్ర కూడా ఇదే కాలంలో ఇదే రీతిలో సాగింది. ఐరోపా సమాఖ్య రోమింగ్ కాల్స్‌పై మొదటి గరిష్ఠ పరిమితులు పెట్టింది 2007లోనే. సభ్యదేశాల మధ్య రోమింగ్‌లో అదనపు రుసుములు తొలగిపోయింది 2017 జూన్ 15న. మన దగ్గర రాష్ట్రాల హద్దులు చేసిన పనిని అక్కడ దేశాల హద్దులు చేశాయి, నేటికీ కొన్నిచోట్ల చేస్తున్నాయి. స్విట్జర్లాండ్ సమాఖ్యలో సభ్యదేశం కాదు కాబట్టి, జర్మనీలో చదువుకునే తెలుగు విద్యార్థి రైలులో బాసెల్ లేదా జ్యూరిక్ వెళితే తన ప్యాక్‌లో స్విట్జర్లాండ్ ఉందో లేదో హద్దు దాటకముందే చూసుకోవాలి.

నేడు మన రైళ్లలో కాల్‌కు విడిగా రుసుము లేదు. మాట ఖరీదు నిమిషం నుంచి తప్పుకుని నెలవారీ ప్యాక్‌లోకి చేరింది. రోజూ గంటల తరబడి మాట్లాడేవారికి, వీడియోలు చూసేవారికి ఈ మార్పు కలిసివచ్చింది. ఏడాదికి రెండుసార్లు రైలెక్కి, వారానికి నాలుగు మాటలు మాట్లాడే వృద్ధులకు, చిన్న ఫోన్ వాడేవారికి మాత్రం, వాడని డేటాకు కూడా డబ్బు కడితే తప్ప నంబర్ నిలవని పరిస్థితి ఏర్పడింది. ఒకప్పుడు పది రూపాయల కూపన్‌తో గడిచిన వ్యవహారం అది. గడువు ముగిసిన సిమ్‌తో రైలెక్కినవారు ఇంటికి ఫోన్ చేయలేరు. ఈ లోపాన్ని గుర్తించి ట్రాయ్ 2024 డిసెంబరులో ప్రతి సంస్థ వాయిస్, ఎస్సెమ్మెస్ సేవలకు మాత్రమే పరిమితమైన ఓచర్‌ను కనీసం ఒకటైనా అందించాలని, దాని గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని నిబంధన చేసింది. తరువాతి నెలలో అటువంటి ప్యాక్‌లు వచ్చాయి. అవసరమైన సంస్కరణే ఇది. అయితే అటువంటి ప్యాక్ ఒకటున్నదన్న సంగతి, దానిని వాడుకోవలసినవారికి రీచార్జ్ దుకాణంలో ఎవరో చెబితేనే తెలుస్తుంది.

డబ్బు కట్టినా మాట అందని సమస్య ఒకటి మిగిలి ఉంది, అది రైలుకే ప్రత్యేకమైనది. లోహపు గోడల బోగీలోకి రేడియో తరంగాలు ప్రధానంగా కిటికీల గుండా చేరాలి. ఏసీ బోగీల మూసిన అద్దాలు వాటిని కొంత అడ్డుకుంటాయి. టవర్ దూరమైన కొద్దీ ఫోన్ తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది. 2జీ ఫోన్ అయితే 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో గరిష్ఠంగా 2 వాట్ల దాకా పోతుంది, రాత్రి బండిలో బ్యాటరీ త్వరగా అయిపోవడానికి ఇది కూడా ఒక కారణం. బండి వేగంగా పోతున్న కొద్దీ ఒక టవర్ నుంచి మరొకదానికి కాల్ మారే సందర్భాలు దగ్గర దగ్గరగా వస్తాయి. మారవలసిన చోట రెండో టవర్ బలహీనంగా ఉంటే మాట తెగిపోతుంది. నంద్యాల, గిద్దలూరు మధ్య గాజులపల్లె, చలమ, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా నల్లమలను దాటే మార్గంలో, కొత్తవలస నుంచి శివలింగపురం, టైడా, బొర్రాగుహలు మీదుగా సొరంగాల గుండా అరకు ఎక్కే మార్గంలో ప్రయాణించేవారికి ఇది అనుభవమే. రైళ్లలోనే వైఫై ఇవ్వాలన్న ప్రయత్నం 2013లో హౌరా రాజధానిలో ఉపగ్రహం ఆధారంగా మొదలైంది గానీ, ఖర్చుకు తగిన ఫలితం లేదని ఆ తర్వాత ప్రభుత్వం దానిని విరమించుకుంది. స్టేషన్లలో రైల్‌టెల్ నడిపే వైఫై మాత్రం వేల చోట్లకు విస్తరించింది.

సిగ్నల్ లేని చోట సరదా కబుర్లు ఆగితే నష్టం లేదు. కానీ అత్యవసర నంబరు 112, రైల్వే సహాయ నంబరు 139 కూడా అక్కడ పలకవు. గుండెనొప్పి వచ్చిన ప్రయాణికుడి తరఫున తోటివారు పిలవవలసింది వాటినే. అక్కడ సిగ్నల్ అందించడానికి డబ్బు లేదని చెప్పే వీలు లేదు. టెలికాం సంస్థలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని మారుమూల ప్రాంతాల సేవల కోసం ప్రత్యేక నిధికి జమ చేస్తాయి. ఒకప్పటి యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్, 2023 టెలికాం చట్టం తర్వాత డిజిటల్ భారత్ నిధి అయింది. రీచార్జ్ చేసుకునే ప్రతి ప్రయాణికుడి డబ్బులో కొంత భాగం అందులో ఉంది. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయలతో, సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని ఆమోదించింది కూడా ఈ నిధి నుంచే. ఆ పథకం లెక్కకు ప్రమాణం గ్రామం. ఊరు లేని అడవి గుండా, రోజుకు ఎన్ని వేల మంది ప్రయాణించినా, పోయే రైలు మార్గం గ్రామాల జాబితాలో కనిపించదు. నిధి పంపకంలో గ్రామంతో పాటు రైలు మార్గపు కిలోమీటరును కూడా ఒక కొలతగా తీసుకుని, సిగ్నల్ లేని స్టేషన్ల మధ్య దూరాలను రైల్వే, టెలికాం శాఖలు కలిసి కొలిచి ప్రకటిస్తే, దిగువమెట్ట అడవిలోనూ టైడా సొరంగాల దగ్గరా టవర్ ఎక్కడ నిలబెట్టాలో తేలుతుంది.